ఇంటిబడిలో కొత్త ఏడాది మొదలైందని పిల్లలకు తెలిసేదెలా?

వంటింటిబల్ల
మూడో తరగతి లెక్కలు మొదలుపెట్టి వారం దాటాక మా నడిమివాడు అడిగాడు, "అమ్మా, నాకు మూడో తరగతి ఎప్పుడు మొదలవుతుంది?" అని. వాడికి తెలిసే దారి ఏముంది కనుక! అదే బల్ల, అదే కుర్చీ, అదే అమ్మ. బడికి వెళ్లే పిల్లలకు గది మారుతుంది, టీచరు మారుతుంది, పక్కన కూర్చునేవాళ్లు మారతారు. ఏడాది మారిందని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో మాత్రం పాత నోటుపుస్తకం అయిపోయి కొత్తది తెరవడమే ఏడాది మారడం.

ఈసారి మొదటి రోజున ఏదైనా చేయాలని ఉంది. సరదాగా ఉండాలి, ప్రతి ఏడూ చేయగలిగేలా ఉండాలి, నా తలప్రాణం తోకకు రాకూడదు. వెతికితే రంగు కాగితాలు, బెలూన్లు, గోడంత బోర్డులు కనిపించాయి. చూసేసరికే నీరసం వచ్చింది. పిల్లల వయసులు 13, 8, 3. ఈ ముగ్గురికీ కలిపి ఒకే వేడుక కుదురుతుందా? మీ ఇళ్లలో ఏం చేస్తారో చెప్పండి.

నలుగురిలోఒకరు
పుస్తకాల పెట్టె తెరవడమే మా పండుగ. ఏడాదికి కావలసినవన్నీ ఒకేసారి తెప్పిస్తాం. పార్సెల్ వచ్చాక మొదటి రోజు వరకు దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఆ రోజు పొద్దున నేల మీద దుప్పటి పరిచి, పెట్టెను మధ్యలో పెట్టి, చిన్నవాళ్లతో మొదలుపెట్టి వంతులవారీగా ఒక్కో పుస్తకం తీస్తారు. తీసినవాళ్లు పేరు గట్టిగా చదవాలి, అది ఎవరిదో ఊహించాలి, ఆ తర్వాతే లోపలి పేజీలో ఆ పిల్లల పేరు రాయాలి. పాఠాలు ఉండవు. తిరగేయడం, బొమ్మలు చూడటం, అంతే.

మా రెండో అమ్మాయి ప్రతి పుస్తకాన్నీ ముక్కు దగ్గర పెట్టుకుని మార్కులు వేస్తుంది. లెక్కల పుస్తకానికి మంచి మార్కులు వచ్చేది ఆ ఒక్క విషయంలోనే.

చిన్నక్షరాలు
పెట్టె రోజు మా ఇంట్లోనూ ఉంది. కాకపోతే పార్సెల్ వచ్చిన గంటలోనే అయిపోతుంది. మొదటి రోజు దాకా ఆపడం మీకెలా సాధ్యమైందో చెబితే ఆ విద్య నేనూ నేర్చుకుంటాను.

నలుగురిలోఒకరు
అటక.

గంటలేనిబడి
అందరూ మీద పడతారని తెలిసే అడుగుతున్నాను. అసలు ఈ 'మొదటి రోజు' ఎందుకు? బడి గంట, బడి కేలండరు వద్దనుకునే కదా పిల్లలను ఇంట్లో చదివించుకుంటున్నాం. మళ్లీ మనమే చిన్న గంట కొనుక్కుని ఇంట్లో కొట్టుకోవడం ఏమిటి? అమెరికా విద్యావేత్త జాన్ హోల్ట్ 1977లో ఇంట్లో చదివించే కుటుంబాల కోసం పత్రిక పెడితే, దానికి పెట్టిన పేరే 'గ్రోయింగ్ వితౌట్ స్కూలింగ్'. బతకడం వేరు, నేర్చుకోవడం వేరు కాదన్నది ఆయన వాదన. మా ఇంట్లో సెలవులూ లేవు, మొదళ్లూ లేవు. పిల్లలు చక్కగా చదువుకుంటున్నారు.

పైగా మనకు ఆరంభశూరత్వం పుట్టుకతో వచ్చిన గుణం. మొదటి రోజు బెలూన్లు, పదో రోజు నిట్టూర్పులు.

చిన్నక్షరాలు
పిల్లలు రోజూ పెరుగుతూనే ఉంటారు. అలాగని పుట్టినరోజు మానేస్తామా, గంటలేనిబడి గారూ?

గంటలేనిబడి
పుట్టినరోజు మర్నాడు పొద్దున్నే చేతిలో వ్యాకరణం పుస్తకం పెట్టం కదా!

నిర్వాహకుడు
ఒకటి-ఒకటి. పాయింట్లు వేయడం ఇంతటితో ఆపి అసలు ప్రశ్నకు వద్దాం.

లెక్కలబాబాయి
మా ఇంట్లో కొత్త ఏడాది నీడతో మొదలవుతుంది. కాస్త వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

కావలసినవి ఒక మీటరు కర్ర, సుద్దముక్క, కొలిచే టేపు, ఎండ. ప్రతి ఏడూ ఒకే తేదీన, ఒకే సమయానికి (మేం మధ్యాహ్నం పన్నెండు గంటలకు పెట్టుకున్నాం) కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలుస్తాం. పక్కనే పిల్లవాణ్ని నిలబెట్టి వాడి నీడ కొలుస్తాం. టేపుతో ఎత్తు కొలవడం నిషేధం, నీడనుంచే కనుక్కోవాలి. 100 సెంటీమీటర్ల కర్రకు 50 సెంటీమీటర్ల నీడ పడిందనుకోండి. అంటే వస్తువు ఎత్తు నీడకు రెండింతలు. పిల్లవాడి నీడ 63 వస్తే ఎత్తు 126. పోయినేడు అదే తేదీన నీడ 60 ఉంటే, అప్పటి ఎత్తు 120. కర్ర పెరగలేదు, సూర్యుడు మారలేదు, పెరిగింది నువ్వేరా అని చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి.

థేలీస్ అనే గ్రీకు తత్వవేత్త పిరమిడ్ ఎత్తును ఇలా నీడతోనే కొలిచాడని ప్రాచీన గ్రీకు రచయితలు రాశారు. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దం నాటి మాట. సరూప త్రిభుజాల పాఠం వచ్చేసరికి మా పెద్దవాడు "ఇది మన నీడాట కదా" అన్నాడు. అంతకు ముందు వాడు త్రిభుజం అన్న మాటే పుస్తకంలో చూడలేదు.

అసలు తమాషా నీడ అంచు దగ్గర ఉంటుంది. తల నీడ అంచు పదునుగా పడదు, మసకగా పడుతుంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో సుమారు అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే ఆ మసక. సుద్దగీత ఆ మసకకు ఇటు గీయాలా అటు గీయాలా అని మా వాళ్లు కాసేపు పోట్లాడుకుంటారు. నేను కలగజేసుకోను. కొలతలో అనిశ్చితి అంటే ఏమిటో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

రాత్రిషిఫ్టు
మేం ఇళ్లు మారుతూ ఉంటాం. ఊరు మారితే పోయినేటి నీడ పనికిరాదు కదా?

లెక్కలబాబాయి
పోయినేటి నీడ పనికిరాదు, పోయినేటి ఎత్తు పనికొస్తుంది. కర్ర ఉన్నదే అందుకు. ఎక్కడున్నా ఆ రోజు కర్ర నీడతో పోల్చుకుంటే చాలు. లీపు సంవత్సరాల వల్ల ఒక రోజు అటూ ఇటూ జరిగినా ఆ తేడా నేను చెప్పిన మసకలో కలిసిపోతుంది.

చిన్నక్షరాలు
మబ్బు పడితే?

లెక్కలబాబాయి
మబ్బు తొలగేదాకా కొత్త తరగతి మొదలు కాదు. ఈ నియమం పిల్లలే పెట్టారు. మబ్బు కోసం ఆకాశంలోకి అంత ఆశగా చూసే మనుషులను నేను ఇంకెక్కడా చూడలేదు.

వంటింటిబల్ల
లెక్కలబాబాయి గారూ, ఇది మా నడిమివాడి కోసమే పుట్టినట్టుంది. పదమూడేళ్లదాని సంగతి ఎవరైనా చెప్పండి. 'అమ్మా, ఫోటో మాత్రం వద్దు' అని ఇప్పటికే నోటీసు ఇచ్చింది.

ఇంట్లోచదివినవాడు
నాకు 24 ఏళ్లు. డిగ్రీ దాకా బడి ముఖం చూడలేదు. అవతలి పక్షం తరఫున మాట్లాడతాను.

పలక పట్టుకుని 'నేను ఫలానా తరగతి' అనే ఫోటో పదేళ్లు వచ్చేదాకా సరదాగానే ఉంటుంది. తర్వాత అది అమ్మ స్నేహితుల కోసం తీసే ఫోటో అని మాకు అర్థమైపోతుంది. మీ అమ్మాయి చెప్పింది వినండి.

నాకు ఇప్పటికీ ఇష్టమైనది వేరే ఉంది. ప్రతి ఏడూ మొదటి రోజున మా అమ్మ అవే ప్రశ్నలు అడిగేది. నీకు ఇప్పుడు అన్నిటికన్నా వింతగా అనిపిస్తున్నది ఏమిటి? దేనికి భయం వేస్తుంది? ఈ ఏడు ఎవరి సాయం లేకుండా చేయాలనుకునే పని ఏది? నేను చెప్పినది చెప్పినట్టు రాసేది, దిద్దేది కాదు. ఏడేళ్లప్పుడు నా మొదటి జవాబు 'చేపలకు రెప్పలు లేవు కదా, నిద్ర వచ్చినట్టు వాటికి ఎలా తెలుస్తుంది' అని ఉంది. పన్నెండేళ్లప్పుడు ఆ జాగాలో 'ఏమీ లేదు' అని రెండే మాటలు. పద్నాలుగేళ్లప్పుడు రెండు పేజీలు. ఆ 'ఏమీ లేదు'ను అమ్మ వాదించకుండా అలాగే రాసుకుంది చూడండి, అందుకే పద్నాలుగేళ్లప్పుడు రెండు పేజీలు చెప్పాననుకుంటాను.

ఇంకొకటి. ఆ ప్రశ్నలకు అమ్మ, నాన్న కూడా జవాబు చెప్పాలి. ఆ ఏడాది వాళ్లూ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకోవాలి. ఒక ఏడు అమ్మ సైకిలు అంది. వెనక సీటు పట్టుకుని పరుగెత్తింది నేను. అమ్మ పడిపోతుందేమోనని హడలిపోయిన నాకు, నేను లెక్కలు చేస్తున్నప్పుడు అమ్మ మొహం అలా ఎందుకు ఉండేదో అప్పుడు తెలిసింది.

గంటలేనిబడి
ఇది బాగుంది. ఇది గంట కాదు.

నిర్వాహకుడు
గంటలేనిబడి గారు ఒక పోస్టును మెచ్చుకున్నారు. తేదీ రాసుకోండి.

పాతకాగితం
నేను పుస్తకాలకు, పాత కాగితాలకు మరమ్మతులు చేస్తుంటాను. ఇంట్లోచదివినవాడు చెప్పినట్టు ఏళ్ల తరబడి దాచేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. పిల్లల చేత పెన్సిలుతో రాయించండి. పెన్సిలు గీత గ్రాఫైటు, అంటే కార్బన్, వెలుతురుకు వెలిసిపోదు. స్కెచ్ పెన్నుల రంగులు చాలావరకు వెలిసిపోతాయి, గోడకు తగిలిస్తే మరీ త్వరగా. పార్కు టికెట్టు, మ్యూజియం టికెట్టు లాంటివి థర్మల్ కాగితం మీద ఉంటే ఫోటో తీసి ఉంచుకోండి, కొన్నేళ్లకు ఖాళీ చీటీ మిగులుతుంది. వార్తాపత్రిక కత్తిరింపులు పసుపెక్కి పెళుసుబారతాయి. చెక్కగుజ్జులో ఉండే లిగ్నిన్ వల్ల అది తప్పదు. అన్నిటికీ మించి పారదర్శకమైన ప్లాస్టిక్ టేపుతో ఏదీ అంటించకండి. టేపు ఊడిపోతుంది, జిగురు మరక మాత్రం పోదు.

గొంతు రికార్డు చేసేవాళ్లు ఫోనులో వదిలేయకండి. ఫోను మారినప్పుడల్లా ఒక ఏడాది మాయమైపోతుంది.

ఒక్కగానొక్క
గొంతు అంటే గుర్తొచ్చింది. మాకు ఒక్కతే కూతురు. వేడుక అంటే సందడి కావాలి కదా, ఇద్దరం ముగ్గురం ఎంత సందడి చేస్తాం? అందుకని మేం ఎంచుకున్నది గొంతు. ప్రతి ఏడూ మొదటి రోజు ఒకే కథలోని ఒకే పేజీ చదివించి రికార్డు చేస్తాం. మొదటి ఏడు ఒక్కో అక్షరాన్నీ వేలితో నొక్కిపట్టి చదువుతున్నట్టు వినిపిస్తుంది, మధ్యలో 'అబ్బా' అని ఒక పెద్ద నిట్టూర్పు కూడా ఉంది. ఆ మరుసటి ఏడు పరుగు. ఆ పైయేడు పాత్రలకు వేర్వేరు గొంతులు పెట్టింది. ఇప్పుడు పాత రికార్డులన్నీ వరసగా వినిపించనిదే కొత్తది చదవనంటుంది. ఆ నిట్టూర్పు వచ్చే చోట ప్రతిసారీ పొట్ట పట్టుకుని నవ్వుతుంది.

రాత్రిషిఫ్టు
ఒక సందేహం. అందరూ పొద్దున, పొద్దున అంటున్నారు. నేను పనినుంచి ఇంటికి వచ్చేది పొద్దున్నే, వచ్చి పడుకుంటాను. మా ఏడాది రాత్రి భోజనాలయ్యాక, నేను పనికి బయలుదేరే ముందు మొదలవుతుంది. ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి టార్చి వెలుతురులో కొత్త కథల పుస్తకం మొదటి అధ్యాయం నేను చదువుతాను. మంచి మలుపు దగ్గర ఆపేసి పనికి వెళ్లిపోతాను. తర్వాతి అధ్యాయం మర్నాడు వాళ్లే చదువుకుంటారు. మా ఆవిడ ఉద్దేశంలో ఇది చదువు మీద ఆసక్తి పెంచడం కాదు, పిల్లలను నిద్రపోనివ్వకుండా చేసి తాను తప్పించుకోవడం.

ఎత్తు విషయానికి వస్తే, ఇల్లు మారితే తలుపు చట్రం మీద గీతలు అక్కడే ఉండిపోతాయి. అందుకని పొడవాటి చెక్కపట్టీ మీద గీస్తాం. ఆ పట్టీ ఇల్లు మారినప్పుడల్లా అందరికన్నా ముందు బండెక్కుతుంది.

లెక్కలబాబాయి
మీకు మంచి తోడు ఉన్నాడు. మోంబేయార్ అనే ఫ్రెంచి పెద్దమనిషి 1759లో పుట్టిన తన కొడుకు ఎత్తును 1777 దాకా, దాదాపు ఆరు నెలలకోసారి కొలిచి రాసుకున్నాడు. ఆయన స్నేహితుడైన బుఫాన్ ఆ లెక్కలను తన ప్రకృతి చరిత్ర గ్రంథం అనుబంధంలో అచ్చువేశాడు. ఒకే బిడ్డను పుట్టినప్పటినుంచి పెద్దయ్యేదాకా కొలిచిన తొలి రికార్డుగా పిల్లల ఎదుగుదల మీద పుస్తకాలు ఇప్పటికీ దాన్నే చూపిస్తాయి. మీ చెక్కపట్టీని తక్కువగా చూడకండి.

ఒక్క జాగ్రత్త. ఏటా ఒకే వేళకు కొలవండి. పొద్దున లేచినప్పటికన్నా సాయంత్రానికి మనిషి సుమారు ఒక సెంటీమీటరు పొట్టివాడవుతాడు. పగలంతా నిలబడి తిరిగేసరికి వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్లలు నొక్కుకుపోతాయి. బడి వయసు పిల్లలు ఏడాదికి పెరిగేదే 5, 6 సెంటీమీటర్లు. అందులో ఒకటి ఇలా పోతే మీవాడు ఒప్పుకోడు.

రాత్రిషిఫ్టు
మా పెద్దవాడికి ఇది చదివి వినిపించాను. ఇకమీదట తన గీత పొద్దున, చెల్లెలి గీత సాయంత్రం గీయాలట.

చిన్నక్షరాలు
కానుకల గురించి ఎవరూ అనలేదే! జర్మనీలో మొదటిసారి బడికి వెళ్లే పిల్లలకు షుల్‌ట్యూటె అని, వాళ్లలో సగం ఎత్తుండే కాగితపు శంకువు నిండా పెన్సిళ్లు, చిన్న చిన్న బొమ్మలు, తీపి తినుబండారాలు పెట్టి ఇస్తారు. 19వ శతాబ్దం మొదట్లోనే ఉన్న ఆచారం. అట్టతో అలాంటిదే చేసి ప్రతి ఏడూ ఇస్తున్నాను. శంకువు అదే, లోపలివి మారతాయి. పిల్లలు దాని మీద ఏటా ఒక బొమ్మ గీస్తారు. నిరుడు పైన ఖాళీ అయిపోయి లోపలి గోడ మీద గీయడం మొదలుపెట్టారు.

లెక్కలబాబాయి
మనం ఎంచుకున్న దేశం చూడండి! జర్మనీలో బడికి వెళ్లడం తప్పనిసరి, మనలా ఇంట్లో చదివించడానికి చట్టం దాదాపు ఒప్పుకోదు. ఆ శంకువుకు తెలిస్తే ఏమనుకుంటుందో.

చిన్నక్షరాలు
శంకువుకు చెప్పను. మీరూ చెప్పకండి.

నలుగురిలోఒకరు
కానుకల దగ్గర నాకు కొంచెం అభ్యంతరం ఉంది. మా ఇంట్లో మొదట చిన్న పెన్సిలు పెట్టెతో మొదలైంది. మరుసటి ఏడు రంగులు కావాలన్నారు, ఆ పైయేడు ఏం ఇస్తారని నెల ముందునుంచే బేరాలు. గోరంతది కొండంతైంది. నలుగురు పిల్లలున్న ఇంట్లో ఇది సాగదు. ఇప్పుడు ఒకే నియమం పెట్టుకున్నాం: ఏడాది పొడవునా చదువుకు పనికొచ్చే వస్తువై ఉండాలి, నలుగురికీ కలిపి ఒకటే ఇవ్వాలి. ఒక ఏడు భూతద్దం ఇచ్చాం. దాని కోసం జరిగిన యుద్ధాలు వేరే కథ.

చిన్నక్షరాలు
నాకు ఇద్దరే కాబట్టి శంకువు సాగుతోంది. నలుగురుంటే నేనూ మీ మాటే అందును.

వంటింటిబల్ల
మొదటి రోజున పాఠం చెప్పాలా వద్దా? ఇక్కడ రెండు రకాలుగానూ అంటున్నారు. మావాళ్లు సెలవుల్లో అన్నీ మరిచిపోయారు. రోజులు వేడుకలకు పోతే పాఠాలు ఎప్పుడు అందుకుంటామన్నది నా దిగులు.

నలుగురిలోఒకరు
ఒక్కసారిగా అన్ని సబ్జెక్టులూ మొదలుపెట్టకండి. మొదటి రోజు పుస్తకాలు తిరగేయడం, రెండో రోజు లెక్కలు మాత్రమే, మూడో రోజు దానికి భాష చేర్చడం, అలా. రెండో వారానికి పూర్తి పట్టిక వస్తుంది. చిన్నపిల్లలకు పాఠం ఇరవై నిమిషాలు మించకూడదని ఇంగ్లండు విద్యావేత్త షార్లెట్ మేసన్ వందేళ్ల కిందటే అంది. సెలవుల తర్వాత అది ఇంకా నిజం, పిల్లలకే కాదు అమ్మలకు కూడా.

లెక్కలబాబాయి
మరపు గురించి దిగులు పడకండి, దాన్నే ఆటగా మార్చేయండి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో తన మీదే ప్రయోగం చేసుకుని 1885లో ప్రచురించాడు. మేం ప్రతి ఏడూ మొదటి రోజున ఆ ప్రయోగం చేస్తాం. తలా కొన్ని అర్థం లేని మాటలు కల్పిస్తాం: గొజమి, తపెను, నుడళ, ఇలా. అందరం పదేసి మాటలు కంఠస్థం చేస్తాం, పట్టిన నిమిషాలు రాసుకుంటాం. మర్నాడు ఎన్ని గుర్తున్నాయో చూస్తాం, వారానికి మళ్లీ చూస్తాం. మొదటి రోజే ఎక్కువ పోతాయి, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. గీత గీసి చూపిస్తే పిల్లలకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

అసలు విశేషం ఇది. పూర్తిగా పోయాయనుకున్న మాటలను రెండోసారి కంఠస్థం చేయడానికి మొదటిసారి కన్నా తక్కువ నిమిషాలు పడుతుంది. ఎబ్బింగ్‌హాస్ కూడా అదే చూశాడు. సెలవుల్లో మరిచిన ఎక్కాల సంగతీ అంతే అని మా వాళ్లకు గడియారం చెబుతుంది, నేను చెప్పనక్కర్లేదు.

ఒక్కగానొక్క
మా అమ్మాయి అప్పుడే 'గొజమి' అంటే ఏమిటో నిర్ణయించేసింది. చేతికి అందినట్టే ఉండి అందని దురదకు ఆ పేరట. అర్థం లేని మాట మన ఇళ్లలో ఒక పూట కూడా బతకదు, బాబాయి గారూ.

లెక్కలబాబాయి
ప్రయోగం చెడింది! కొత్త మాట కల్పించుకోవలసిందే.

పిచ్చుకలడైరీ
ఇంత ఆలస్యంగా చూశానేమిటి ఈ చర్చను! మా వేడుక కిటికీ దగ్గర. మొదటి రోజు పది నిమిషాలు అందరం కదలకుండా కూర్చుని, కిటికీలోంచి కనిపించిన ప్రతి ప్రాణినీ రాస్తాం. పక్షులు, చీమలు, ఉడుత, పక్కింటి పిల్లి, ఏదైనా సరే. తర్వాత ఎదురుగా ఉన్న చెట్టును తలా ఒకటి గీస్తాం. ఏటా అదే చెట్టు. మాటలు రాని వయసులో మా బుడ్డది గీసినది గుండ్రటి గీతల చిక్కు. ఇప్పుడు అదే పిల్ల కొమ్మ ఎక్కడ విరిగిందో, కొత్త చిగురు ఎక్కడ వేసిందో గుర్తుపట్టి గీస్తుంది.

ఇంగ్లండులో రాబర్ట్ మార్షం అనే ఆయన 1736లో ఇలాగే మొదలుపెట్టాడు. మొదటి ఆకు ఎప్పుడు వేసింది, మొదటి పువ్వు ఎప్పుడు పూసింది, వలస వెళ్లిన పక్షి ఏ రోజు తిరిగి వచ్చింది, ఇవీ ఆయన రాసుకున్నవి. ఆయన తర్వాత ఆ ఇంటివాళ్లు తరతరాలుగా రాస్తూ 1958 దాకా తెచ్చారు. ఇప్పుడు వాతావరణ మార్పును పరిశీలించేవాళ్లకు ఆ లెక్కలూ ఒక ఆధారం. మా పిల్లలకు ఇది చెప్పినప్పటినుంచి పిల్లిని కూడా తేదీతో సహా రాస్తున్నారు.

వంటింటిబల్ల
మూడేళ్లవాడికి ఇదే! వాడు గీతల చిక్కు అద్భుతంగా గీస్తాడు, మా గోడలే సాక్ష్యం.

గంటలేనిబడి
నాకు తోచింది చెబుతాను, తిట్టకండి. ఇంతవరకు వచ్చినవాటిలో నాకు నచ్చినవన్నీ ఏటా అదే పని చేసేవి. అదే చెట్టు, అదే పేజీ, అదే ప్రశ్నలు, అదే కర్ర. నచ్చనివన్నీ ఏటా కొత్తగా, ఇంకా ఘనంగా చేయాల్సినవి. 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అంటారు కానీ పిల్లల విషయంలో ఆ సామెత తిరగబడుతుందేమో. నాకు ఇప్పటికీ తరగతుల లెక్క అక్కర్లేదు. కానీ ఏడాదికొకసారి కొలిచి చూసుకోవడానికి అభ్యంతరం లేదు.

చిన్నక్షరాలు
ఏమండీ, మీరు మా పక్షానికి వచ్చేశారా?

గంటలేనిబడి
గోడ మీద కూర్చున్నాను. ఇక్కడినుంచి రెండు వైపులా బాగా కనిపిస్తోంది.

ఒక్కగానొక్క
బడులు తెరిచే రోజున మాలాంటి రెండు మూడు కుటుంబాలం పార్కుకో మ్యూజియానికో వెళ్తాం. మిగతా పిల్లలంతా బడిలో ఉంటారు కాబట్టి ఊయల కోసం వరస ఉండదు, డైనోసారు ఎముకల ముందు ఎంతసేపైనా నిలబడవచ్చు. ఏడాదంతా తోడు ఎవరూ లేరే అని బెంగపడే పిల్లకు ఆ రోజు తనలాంటివాళ్లు కనిపిస్తారు. ఒంటరి పిల్లలున్నవాళ్లు ఇది తప్పకుండా చేయండి.

ఇంట్లోచదివినవాడు
బడికి వెళ్లే బంధువుల పిల్లల ముందు ఆ ఫోటోలు మరీ చూపించుకోకండి. మా అత్త కొడుకు ఆ విషయంలో నన్ను ఇంకా క్షమించలేదు.

వంటింటిబల్ల గారికి ఇంకో మాట. మీ పెద్దమ్మాయికి ఆ రోజు పెత్తనం అప్పగించి చూడండి. గంటసేపు టీచరు తనే, విద్యార్థులు మీరంతా. తనకు బాగా వచ్చింది ఏదైనా మీకు నేర్పాలి. పదమూడేళ్ల వయసులో వేడుకలో పాల్గొనమంటే చిరాకు, నడిపించమంటే హుషారు.

వంటింటిబల్ల
దాన్ని అడిగాను. వెంటనే ఒప్పుకుంటే అది నా కూతురే కాదు. సాయంత్రం వచ్చి "నేను నేర్పేది వీడియో ఎడిటింగ్, నువ్వు మధ్యలో ఫోను చూడకూడదు, నీకు పరీక్ష కూడా ఉంటుంది" అంది. ఈ షరతులు ఎవరి దగ్గర నేర్చుకుందో అడగకండి.

ఇప్పటికి నా జాబితా ఇది. మధ్యాహ్నం నీడ, కిటికీ దగ్గర చెట్టు బొమ్మ, ఆ మూడు ప్రశ్నలు అమ్మానాన్నలతో సహా, సాయంత్రం పెద్దదాని తరగతి. శంకువు ఈ ఏడు వద్దనుకున్నాను, చిన్నక్షరాలు గారు నొచ్చుకోకండి.

పిచ్చుకలడైరీ
నాలుగు ఎక్కువ. రెండు చాలు. మూడేళ్లవాడు ఉన్న ఇంట్లో ఒక్కటైనా పూర్తయితే గొప్ప.

నలుగురిలోఒకరు
నాదీ అదే మాట. నీడ, ప్రశ్నలు ఉంచండి. మిగతావి వాళ్లంతట వాళ్లు అడిగితే చేర్చుకోవచ్చు.

వంటింటిబల్ల
పెద్దదాని తరగతి తీసేస్తే ఇంట్లో నేను బతకలేను. మూడు చేస్తాను. చెట్టు ఆ మర్నాటికి. బాబాయి గారూ, నిన్న ఒకసారి ప్రయత్నించి చూశాం, కర్ర పక్కకు ఒరుగుతోంది. చిన్నవాడు పట్టుకుంటానంటున్నాడు, వాడు పట్టుకుంటే కర్ర నాట్యమాడుతోంది.

లెక్కలబాబాయి
ఇసుక నింపిన బకెట్లో నాటండి. దారానికి చిన్న రాయి కట్టి కర్ర పక్కన వేలాడదీస్తే నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ రాయి వేలాడదీసే ఉద్యోగం చిన్నవాడికి ఇవ్వండి. ఇసుక పైనుంచి కర్ర కొసదాకా ఎత్తు కొలుచుకుని, దానికి బకెట్లో ఇసుక ఎత్తు కలపడం మరిచిపోవద్దు, నీడ నేల మీద కదా పడేది. నీడ పొడవును బకెట్టు అంచునుంచి కాకుండా కర్ర నాటిన చోటికి తిన్నగా కిందనుంచి కొలవాలి.

వంటింటిబల్ల
బకెట్టు ఉంది. ఇసుక కోసం పెద్దదాన్ని పంపాను, 'టీచరుకు ఇలాంటి పనులు చెబుతారా' అంటూ వెళ్లింది.